గొంతు చేరని వరుస

ఆ నెలలో లోకేశ్వరి మూడు యాంటీవైరస్‌లు పెట్టి చూసింది. మూడూ ఆమెను ఏడిపించాయి.

మొదటిది పెట్టిన పది నిమిషాలకే కంప్యూటర్ మూగబోయింది. పుట్టుకతోనే చూపు లేని లోకేశ్వరికి తెర మీద ఉన్నదంతా చదివి వినిపించేది స్క్రీన్ రీడర్. ఏ కీ నొక్కినా అది గమనిస్తుంది, ఏ విండో తెరిచినా లోపలికి తొంగిచూస్తుంది. దొంగ ప్రోగ్రాములు చేసే పని కూడా అచ్చం అదే. కొత్తగా వచ్చిన కాపలా కుక్క ఇంటి మనిషినే కరిచినట్టు, ఆ యాంటీవైరస్ స్క్రీన్ రీడర్‌నే దొంగ అనుకుని పట్టుకెళ్ళి మూల గదిలో వేసి తాళం పెట్టింది. రెండోది అలా చేయలేదు గానీ, వాక్యం సగంలో ఉండగా అడ్డొచ్చి 'ఇప్పుడే అప్‌గ్రేడ్ చేసుకోండి' అని పదే పదే అరిచేది. మూడోది అసలు నోరే విప్పలేదు. దాని విండోలో ఎక్కడ నొక్కినా స్క్రీన్ రీడర్ ఒకటే మాట చెప్పేది: బటన్. బటన్. బటన్. ఏది అవును, ఏది కాదు, ఏది చెరిపేస్తుంది, ఏది వదిలేస్తుంది, తెలిసే దారి లేదు.

"సిస్టంతో వచ్చిందే చాలు లోకూ," అంది స్నేహితురాలు గోపిక ఫోన్లో. గోపికది మదురై. ఆమెకూ చూపు లేదు, బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్. "అది వాయి విప్పి చెప్తాది. దొంగ వస్తే అరవని కుక్క నీకి ఏంటికి?"

గోపిక మాట నిజమే. కానీ లోకేశ్వరికి పని ఇచ్చే వకీలు ఆరోగ్యసామి ఒప్పుకోలేదు. దిండిగల్‌లో ఆయన ఆఫీసు. సాక్షులు చెప్పింది ఆయన ఫోన్లో రికార్డు చేసి పంపితే, లోకేశ్వరి పోదనూరులో ఇంట్లో కూర్చుని విని టైపు చేస్తుంది. "ఈ కేసు మామూలు కేసు కాదమ్మా. మంచి యాంటీవైరస్ పెట్టి, పెట్టినట్టు నాకు సర్టిఫికెట్ పంపు. లేకపోతే ఈ ఫైళ్ళు నీకు పంపను," అన్నాడు తమిళంలో, ఖండితంగా.

అది తోళ్ళు శుద్ధి చేసే షెడ్డు కేసు. మురుగు తొట్టి కడగడానికి దిగిన ముగ్గురు లోపలే చనిపోయారు. వాళ్ళు కేకలు వేస్తుండగా సూపర్‌వైజర్ బయటి గేటుకు తాళం వేశాడని చెప్పగలిగిన మనిషి ఒకే ఒకతె, పాండీశ్వరి. పోయిన ముగ్గురిలో ఒకడు ఆమె భర్త. సోమవారం విచారణ. అప్పటిదాకా ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదని ఆరోగ్యసామి ఆమెను ఊరు దాటించాడు. ఎక్కడికో రాసి ఉన్నది ఒకే ఫైలులో, ఆ ఫైలు ఉన్నది లోకేశ్వరి దగ్గర.

పాండీశ్వరిని లోకేశ్వరి ఒక్కసారి కూడా కలవలేదు. కానీ ఆ గొంతు నాలుగు గంటలు విన్నది. గేటు తాళం సంగతి వచ్చిన ప్రతిసారీ ఆ గొంతు ఆగి, గుటక వేసి, మళ్ళీ మొదలయ్యేది. ఆ గుటకలు కూడా టైపు చేయాలా వద్దా అని లోకేశ్వరి చాలాసేపు ఆలోచించింది.

మూగ బటన్ల యాంటీవైరస్ తెచ్చి పెట్టింది బాలాజి. చిన్నాయన కొడుకు, లోకేశ్వరి కంటే రెండేళ్ళు చిన్న. రైల్వే స్టేషన్ దగ్గర కంప్యూటర్ రిపేరు కొట్టు.

"దీంట్లో ఏదీ మాట్లాడదే డా," అంది లోకేశ్వరి.

"మాట్లాడకపోతే ఏమి అక్కా? నువ్వు మాట్లాడేది చాలదా వీధికంతా?" నవ్వాడు బాలాజి. "బటన్లు నువ్వు నొక్కొద్దు. నా కొట్లో నించే నీ సిస్టంలోకి వచ్చి నేను నొక్కేస్తా. దానికి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వేసి పెట్టినాను. నువ్వు పిలవను కూడా అక్కర లేదు."

లోకేశ్వరి ఒప్పుకుంది. బటన్లు మూగవైనప్పుడు వేలు ఎవరో ఒకరు అరువివ్వాలి. సొంత తమ్ముడే ఇస్తానంటే ఇంకేం కావాలి?

ఫైలుకు పాస్‌వర్డ్ మాత్రం తనే పెట్టింది. ఆ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చీరల కొట్లో ధర ఎక్కువనిపిస్తే ఆమె తల్లి చెన్నమ్మాళ్ కొట్టువాడి ముఖం ముందే తెలుగులో తిట్టి, వాడి వైపు తిరిగి తమిళంలో నవ్వేది. తాతముత్తాతల నాటి నుంచీ ఆ భాష వాళ్ళకు ఇంటి తలుపు గడియ. అందుకే పాస్‌వర్డ్ కూడా ఇంటి మాటే పెట్టింది లోకేశ్వరి: అవ్వ నల్లరేగడి చేను దున్నించిన మచ్చల ఎద్దు పేరు, బొల్లిగాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తొమ్మిది. ఎంత పెద్ద దొంగయినా ఈ తమిళ ఊళ్ళో బొల్లిగాణ్ణి ఎక్కడ పట్టుకుంటాడు?

గురువారం పొద్దున ఆమె దిండిగల్ వెళ్ళాల్సింది. ఆ సంగతి ముందు రోజే బాలాజికి చెప్పింది. తీరా బయలుదేరే వేళకు ఆరోగ్యసామి ఫోన్ చేసి, కోర్టులో ఇరుక్కున్నానమ్మా, రేపు రా అన్నాడు. చెప్పులు విప్పేసి, ముందు గదిలో కూర్చుని పళ్ళెంలో మునగాకు దూస్తోంది లోకేశ్వరి. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. తెర మాత్రం ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. చూసేవాళ్ళు లేని తెరకు కరెంటు దండగ అంటుంది చెన్నమ్మాళ్.

పదీ నలభైకి కంప్యూటర్ దానంతట అది మాట్లాడింది.

"డాక్యుమెంట్స్."

లోకేశ్వరి చేయి మునగాకులో ఆగింది.

"దిండిగల్ కేసు. ఫోల్డర్. పద్నాలుగు ఫైళ్ళు."

"అమ్మా!" అని పిలిచింది. తల్లి పెరట్లో బట్టలు పిండుతోంది. చప్పుడు వినిపిస్తోంది. అంటే గదిలో ఎవరూ లేరు. ఎవరూ లేని గదిలో ఎవరో నడుస్తున్నారు. ఎక్కడెక్కడ కాలు పెడుతున్నారో స్క్రీన్ రీడర్ ఒక్కొక్కటే చెబుతోంది.

"సాక్షుల వివరాలు. ఎంటర్ పాస్‌వర్డ్."

వైరస్ అనుకుంది లోకేశ్వరి. ఎక్కడో ఏ దేశంలోనో కూర్చున్న దొంగ. ఇక్కడ ఆగిపోతాడులే అనుకుంది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు స్క్రీన్ రీడర్ అక్షరాలు చెప్పదు, అక్షరానికొక స్టార్ అంటుంది.

"స్టార్. స్టార్. స్టార్. స్టార్..."

తడబాటు లేదు. తొమ్మిది స్టార్లు. ఎంటర్. ఫైలు తెరుచుకుంది.

బొల్లిగాడి పేరు తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఐదుగురు. ఆ ఐదుగురిలో ఈ కంప్యూటర్లోకి దారి ఉన్నవాడు ఒక్కడే. తాళం వీధివాళ్ళ కోసం వేసింది. ఇంట్లోవాడికి అది తాళమే కాదు.

"సాక్షి పేరు, పాండీశ్వరి," అంది గొంతు. కింది వరుసకు దిగింది. "వయసు, ముప్పై ఆరు." ఇంకో వరుస. "ఇప్పుడు ఉంటున్న చోటు, బోడినాయకనూరు కొండ దారి."

పళ్ళెం ఎగిరి పడింది. లోకేశ్వరి గోడ వెంట తడుముకుంటూ వెళ్ళి ఇంటర్నెట్ వైరు పట్టి లాగేసింది. గొంతు ఆగిపోయింది. తర్వాతి వరుస ఏమిటో ఆమెకు కంఠతా వచ్చు: కరుంపారై ఏలకుల తోట, కూలీల ఇళ్ళలో మూడో లైను, మూకాయి ఇంటి పక్క ఇల్లు. ఆ వరుస గొంతు పలకలేదు.

ముందు చేయాల్సిన పని చేసింది. స్క్రీన్ రీడర్ పలికిన ప్రతి మాటా టైముతో సహా ఒక చోట రాసిపెట్టి ఉంటుంది. అదంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డ్రైవ్‌ను జాకెట్లో దాచుకుంది. తర్వాత వకీలుకు ఫోన్ చేసింది. నాలుగోసారికి ఎత్తాడు.

"ఎవరో తెలిసిందా అమ్మా?"

"మా తమ్ముడే సార్. చిన్నాయన కొడుకు."

"తోట పేరు చూశాడా? అది చెప్పు ముందు."

"లేదు సార్. కొండ దారి దాకానే. తోట పేరు ఉన్న వరుస రాకముందే వైరు లాగేశాను."

"ఖాయమా?"

"ఖాయం సార్. నా చెవులతో విన్నాను."

ఆరోగ్యసామి గట్టిగా ఊపిరి వదిలాడు. "ఆ కొండ దారిలో తోటలు యాభై ఉంటాయి. ఇల్లిల్లూ వెతకాలంటే షెడ్డువాళ్ళకు రెండు రోజులు పడుతుంది. సాయంత్రానికి నేను జీపు పంపి ఆమెను దించేస్తాను."

"సార్, వాడు మళ్ళీ వస్తాడు. సగమే దొరికింది కదా. మిగతా సగం కోసం రాక తప్పదు." మాట్లాడుతుండగానే లోకేశ్వరికి ఆలోచన తట్టింది. "ఆ వరుస మార్చి పెడతాను సార్. బోడినాయకనూరు ఊరి చివర మూతపడిన నూలు మిల్లు ఉంది కదా, పాత కేసులో టైపు చేశాను. అక్కడుందని రాస్తాను. వాళ్ళు మిల్లుకు వస్తారు. మీ మనుషులు అక్కడ ఉంటే..."

"పట్టుకోవచ్చు," అన్నాడు ఆరోగ్యసామి నెమ్మదిగా. బోడిలో ఆయనకున్నది ఇద్దరు మనుషులు, ఒక జీపు. "సరే. ముందు మిల్లు దగ్గర కాపు వేయిస్తాను. తర్వాత తోట. భలే బుర్ర అమ్మా నీది."

కరుంపారైలో సెల్ టవర్ అందదు. అయినా లోకేశ్వరి ఫైలులో ఉన్న పక్కింటి మూకాయి నంబరుకు ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ ఒకటే జవాబు: మీరు డయల్ చేసిన వారు పరిధిలో లేరు. ఫైలులో వరుస మార్చింది. ఫైలును అలాగే తెరిచి ఉంచి, వాడే ఇంటికి రావాలని వైరు మళ్ళీ పెట్టకుండా, కింద పడిన మునగాకు ఏరుకుంటూ కూర్చుంది.

పన్నెండుంబావుకు బండి చప్పుడు.

"పెద్దమ్మా! మజ్జిగ ఉండాదా?" అంటూ వచ్చిన బాలాజి గడపలోనే ఆగిపోయాడు. "అక్కా? నువ్వు ఊరికి పోలేదా?"

"పోలేదు డా. వకీలు వద్దన్నాడు. ఏం, నేను ఉంటే నీకి కష్టమా?"

"కష్టం ఏంటికి?" నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. "అప్‌డేట్ చేస్తా ఉంటే లైను తెగిపోయింది. అది చూసేదానికి వస్తి. పొద్దున్నించి ఇక్కడే కూర్చోనుండావా?"

"పెరట్లో అమ్మకి బట్టలు ఆరేస్తా ఉంటిని. వైరు ఎలక కొరికిందో ఏమో, చూడు."

"ఎలక కాదు. ఊడి వచ్చుండాది." వంగి చూసి లేచాడు. కుర్చీ కిర్రుమంది. తెర స్విచ్ టిక్కుమంది.

వాడు రాకముందే స్పీకరు ఆపి, చెవిలో వైరు లేని చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, దాని మీదికి జుట్టు కప్పుకుంది లోకేశ్వరి. స్క్రీన్ రీడర్ ఇప్పుడు ఆమె చెవిలో మాత్రమే పలుకుతోంది. "సాక్షుల వివరాలు," అంది. తర్వాత ఏమీ లేదు. మౌస్ కదలడం లేదు, కీ నొక్కడం లేదు. బాలాజి ఊపిరి మాత్రం ఆగి, మళ్ళీ మొదలైంది.

చదువుతున్నాడు, అనుకుంది. మింగాడు గాలాన్ని.

చెన్నమ్మాళ్ మజ్జిగ తెచ్చి పెట్టింది. "తిని పో రా. మునగాకు పొరియల్ చేస్తా ఉండా."

"వేండాం పెద్దమ్మా, కొట్లో పని ఉండాది." గ్లాసు ఖాళీ చేసి టక్కున పెట్టాడు. చెవిలో గొంతు చెబుతూ పోయింది: అన్‌ఇన్‌స్టాల్. అవును. అన్‌ఇన్‌స్టాల్. అవును. "అక్కా, ఈ యాంటీవైరస్ నీకి సరిపడదు. తీసేసినాను. నేను వేసిన ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కూడా తీసేసినాను. ఆ మదురై అమ్మాయి చెప్పిందే సరి. నీకి మాట్లాడేదే పెట్టుకో."

"ఇంక నీ సాయం అక్కర లేదా?"

"నీకి ఎవరి సాయం ఏంటికి అక్కా?" అన్నాడు బాలాజి. ఆ గొంతులో వెటకారం లేదు. అలసట లాంటిదేదో ఉంది. బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు.

జాడలు చెరిపి వెళ్ళాడు, కానీ పెన్‌డ్రైవ్ నా దగ్గర ఉంది, అనుకుంది లోకేశ్వరి. ఆ మధ్యాహ్నం ఆమె కడుపు నిండా తిన్నది. తర్వాత చాలా రోజులు అది గుర్తొస్తూనే ఉంది.

అయిదున్నరకు ఆరోగ్యసామి ఫోన్ చేశాడు. హలో అనకుండానే మొదలుపెట్టాడు.

"మిల్లుకు ఎవరూ రాలేదు. నాలుగు దాకా చూసి మనవాళ్ళు తోటకు ఎక్కారు. ఇల్లు తెరిచే ఉంది. ఆమె లేదు."

"పనికి వెళ్ళిందేమో సార్."

"రెండింటికి ఒక తెల్ల జీపు వచ్చిందట. మూకాయి చూసింది. వకీలు సార్ పంపాడు, నువ్వున్న చోటు బయటపడింది, తొందరగా ఎక్కు అన్నారట. ఆమె తలకు నూనె రాసుకుంటూ ఉందట. దువ్వెన గడప మీద పెట్టి ఎక్కేసింది. తిన్నగా మూడో లైనుకు వచ్చారమ్మా. ఎవర్నీ అడగలేదు. ఖాయమన్నావే?"

"ఖాయం సార్... ఆ వరుస చదవలేదు... నేను విన్నాను..."

ఫోన్ పెట్టేశాక లోకేశ్వరి తను మార్చిన వరుసను మళ్ళీ ఉన్నట్టే సరిచేసింది. కర్సర్‌ను పైకి జరిపి, కొండ దారి వరుస మీద నిలిపింది. పొద్దున గొంతు ఆగిన చోటు అదే.

"అమ్మా, ఇట్లా రా. తెర వెయ్యి. ఏం కనిపిస్తా ఉండాది?"

చెన్నమ్మాళ్ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగింది. ఆమె తమిళంలో అయిదో క్లాసు దాకా చదివింది. ఫైలు తమిళంలోనే ఉంది. "రాసుండాది కణ్ణు. పాండీశ్వరి అని పేరు. బోడి కొండ దారి. కరుంపారై తోట, మూడో లైను..."

"ఒక్కొక్క వరుసే వస్తా ఉండాదా?"

"ఏంటికి ఒక్కొక్కటి? పేజీ అంతా ఉండాది. పై నించి కింద దాకా."

"అంతా ఒకేసారా?"

"కండ్లు ఉండేవాండ్లకి అట్లే కదా అమ్మాడీ," అంది చెన్నమ్మాళ్, ఏమైందో తెలియక.

లోకేశ్వరికి తెలియని సంగతి కాదు. చూపున్నవాళ్ళు పేజీని ఒక్క చూపులో చూస్తారని వెయ్యిసార్లు విన్నది. కానీ ముప్పై ఏళ్ళుగా ఆమెకు పేజీ అంటే ఒక వరుస తర్వాత ఒక వరుస. పలికినంత వరకే ఉంటుంది, పలకనిది ఇంకా పుట్టలేదు. వైరు లాగిన క్షణంలో బాలాజి ఎక్కడి దాకా చూశాడో తన చెవితో కొలిచింది. ఆ కొలతనే వకీలుకు ఖాయమని చెప్పింది. ఆ కొలత నమ్మి ఆయన జీపును తోటకు పంపకుండా మిల్లు దగ్గర నిలబెట్టాడు. ఫైలు తెరుచుకున్న మొదటి క్షణంలోనే బాలాజికి తోట పేరు దొరికిపోయింది. మధ్యాహ్నం వాడు వచ్చింది మిగతా సగం కోసం కాదు, తన జాడలు చెరుపుకోవడానికి. తెర మీద మిల్లు పేరు చూసి ఊపిరి బిగబట్టింది, అక్కకు అంతా తెలిసిపోయిందని. అప్పుడైనా వాడు ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకా దాదాపు రెండు గంటలు మిగిలి ఉండేవి.

వాడికి ఫోన్ చేసింది. ఎత్తాడు.

"పాండీశ్వరి యాడ డా?"

"నాకి తెలీదు అక్కా. సత్యంగా తెలీదు."

"నాకి తెలిసిపోయింది అని నీకి తెలుసు కదా. అప్పుడైనా ఏంటికి చెప్పలేదు?"

"షెడ్డు కంప్యూటర్లన్నీ నేనే చూస్తా అక్కా. ఆయమ్మతో మాట్లాడి రాజీ చేసుకుంటామని అన్నారు. మాట్లాడేదానికే కదా అని..." గొంతు పిల్లాడిలా అయిపోయింది. "ఇంట్లో చెప్పొద్దు. నాయనకి గుండె ఆపరేషన్ అయి మూడు నెలలే కదా."

ఆమె ఫోన్ పెట్టేసి లేచింది. కంప్యూటర్ డబ్బాకున్న వైర్లు ఒక్కొక్కటే పీకింది. పెన్‌డ్రైవ్ ఉందో లేదో తడిమి చూసుకుంది.

"యాడికి?" చెన్నమ్మాళ్ తలుపుకు అడ్డంగా నిలబడింది. ఫోన్ మాటలు ఆమె విన్నది. "వాడు నా మరిది కొడుకు. వాణ్ణి ఈ చేతుల్తో ఎత్తుకుని పెంచినాను. ఇంటి మాట వీధికి తీసకపోతావా?"

"ఆమె నాలుగు గంటలు నా చెవిలో మాట్లాడింది అమ్మా."

చెన్నమ్మాళ్ తలుపు దగ్గర నుంచి జరిగింది, అంతే. సాయం పట్టలేదు. లోకేశ్వరి డబ్బాను గుండెకు హత్తుకుని, పాదంతో మెట్లు వెతుక్కుంటూ దిగి ఆటో ఎక్కింది. దారిలో మూకాయి నంబరుకు మళ్ళీ చేసింది. పరిధిలో లేరు.

పోదనూరు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరు పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ప్రింటు తీసి, ఆ కాగితంతో ఎదురుగా కూర్చున్నాడు. "ఇంటి కంప్యూటర్లో దొంగను నువ్వు చూశావా?" అన్నాడు తమిళంలో. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"విన్నాను సార్. నా యంత్రం టైముతో సహా రాసింది."

"అనుమానం ఎవరి మీద?"

"అనుమానం కాదు." ఇంటి మాటను ఆమె మొదటిసారి ఊరి భాషలో చెప్పింది. "బాలాజి. మా చిన్నాయన కొడుకు."

రైటరు రాసుకుని కాగితం చివరిదాకా చదివాడు. "బోడినాయకనూరు కొండ దారి... ఇక్కడితో అయిపోయిందే. దీంట్లో తోట పేరు ఎక్కడుంది? పేరు చూడకుండా వాళ్ళు తోటకెలా వెళ్ళారని రేపు కోర్టులో అడుగుతారు."

"దాని కింది వరుసలో ఉంది సార్. వాడు చదివాడు. నా యంత్రమే చదవలేదు." లోకేశ్వరి రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "ఇంకో మాట రాసుకోండి. వాడు చదవలేదని వకీలుకు చెప్పింది నేను. ఖాయమని చెప్పింది కూడా నేనే. ఆ టైము కూడా రాయండి. పదీ యాభై."